మసక అని అరిచినప్పుడు

మా కొండ మీద ఆడడానికి కొత్తగా వచ్చినవాళ్ళకు ముందు తుపాకి ఇవ్వరు. కంటికి గుండు తగలకుండా పెట్టుకునే కళ్ళద్దాలు పెట్టించి, ఉడుకుతున్న కూర గుండిగ మీదికి ముఖం వంచమంటారు. ఇదేదో కొత్తవాళ్ళను ఆటపట్టించడం అనుకుని వాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు ముగిసేలోపే ఆవిరి పట్టి అద్దాలు తెల్లబడిపోతాయి. ఎదురుగా ఉన్న మనిషి కూడా కనబడడు. అప్పుడు చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది, అద్దాలు ఎత్తి ఒక్కసారి తుడుచుకుందామని. లేచిన ఆ చేతి మీద ఫట్టుమని అన్నం వడ్డించే హస్తం పడుతుంది.

"అదిగో, ఆ చెయ్యే! నీకు అన్నిటికంటే పెద్ద శత్రువు అదే. దించు. నెత్తిన పెట్టుకో. ఇప్పుడు గొంతు చించుకుని అరువు, మసక అని. నువ్వేమన్నా తాతగారి దినానికొచ్చావా, ఆ గొణుగుడేంటి? గట్టిగా!"

ఆ హస్తం కమగత కినుయోది. వయసు అరవై ఆరు. ఎత్తు నా భుజం దాకా కూడా రాదు. మోకాళ్ళు దాటే తెల్ల వంటకోటు, రబ్బరు బూట్లు, మెడలో ఈల, నుదుటి మీద మా ఎవరి దగ్గరా లేనంత మంచి కళ్ళద్దాలు. మేమంతా ఆమెను పెద్దమ్మా అని పిలుస్తాం. కొండ ఆమెది కాదు. ఆట ఆమెకు రాదు. బొమ్మ తుపాకి పట్టుకుని ఒక్క గుండు కూడా పేల్చి ఎరగదు. అయినా ఆమె సరే అనకుండా మైదానం చుట్టూ కట్టిన వల దాటి లోపలికి వెళ్ళిన మగాడు గానీ ఆడది గానీ మా చీబా జిల్లా మొత్తంలో లేరు.

నా పేరు సుగాయా. రహదారి పక్కన టైర్ల దుకాణంలో పని. పదకొండేళ్ళుగా నా ఆదివారాలన్నీ ఈ వెదురు తోపులో దోమలకు రక్తదానం చేస్తూ గడిచిపోయాయి. పెద్దమ్మ గురించి చెప్పడానికి నాకంటే యోగ్యులు చాలామంది ఉన్నారు. కానీ ఆమె పెట్టిన పద్ధతికి నా అంత ద్రోహం చేసినవాడు ఇంకొకడు లేడు. అందుకని నేను చెప్పడమే న్యాయం.

ఇక్కడికి రాకముందు ఆమె ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటశాలలో పనిచేసింది. రోజూ నాలుగు వందల మంది పిల్లలకు మధ్యాహ్నం భోజనం. పొద్దున్నే వంటవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి గోళ్ళు చూసేది. వేలికి గీత పడినవాళ్ళను గిన్నెల వైపు కూడా రానిచ్చేది కాదు. ఒకసారి కొత్త ప్రధానోపాధ్యాయుడు చేతులు కడుక్కోకుండా రుచి చూద్దామని గరిటె అందుకుంటే, ఆయన చేతిలోంచి గరిటె లాక్కుని సింకు చూపించిందట. ఆయన చేతులు కడుక్కున్నాడు. గోళ్ళు కూడా చూపించాడు.

ఆ రోజుల్లో జరిగిన సంగతి ఒకటి ఊరంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక జూన్ నెలలో కోడిమాంసం పులుసు ఉడికాక, ఆమె ఉష్ణమాపకం ముంచి చూస్తే ముల్లు ఉండాల్సిన చోటికి రాలేదు. పొయ్యి మీద ఇంకాసేపు పెడదామంటే భోజనం గంట దగ్గరపడింది. పైగా ఆ ఉష్ణమాపకం పాతది, తప్పు చూపిస్తోందని అందరూ అన్నారు. ఆమె ఎవరి మాటా వినలేదు. నాలుగు వందల మందికి సరిపడే పులుసు తీసుకెళ్ళి పారబోసింది. ఆ రోజు పిల్లలు రొట్టె, పాలతో సరిపెట్టుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే ఉష్ణమాపకమే చెడిపోయింది, పులుసు బాగానే ఉడికింది. ఆమెను పిలిపించి మందలించి, ఇకమీదట ఇలా చెయ్యనని రాసివ్వమన్నారు. "రేపు కూడా ముల్లు రాకపోతే రేపు కూడా పారబోస్తాను" అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చి వచ్చింది.

అప్పుడు రొట్టె, పాలతో ఇంటికెళ్ళిన పిల్లల్లో ఇషిగె ఒకడు. అతడే పెద్దవాడై, వాళ్ళ నాన్న వదిలేసిన కొండ వాలులో వెదుళ్ళ మధ్య పాత పీపాలు, చెక్క గోడలు నిలబెట్టి ఈ మైదానం తెరిచాడు. మధ్యాహ్నం ఆటగాళ్ళకు కూర అన్నం పెట్టాలి గదా, వంటకు మనిషి కావాలి. పెద్దమ్మ అప్పటికి ఉద్యోగం అయిపోయి, ఇంట్లో మొగుడి వేరుశెనగ మడుల్లో కలుపు తీస్తూ, ఆయన స్నానం నీళ్ళలో కూడా ఉష్ణమాపకం ముంచుతూ ఆయన ప్రాణం తీస్తోంది. ఇషిగె అడగ్గానే ఆ మొగుడే దగ్గరుండి పంపించాడని ఒక మాట.

మా ఆట తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. నిజం తుపాకిలాగే ఉండే బొమ్మ తుపాకితో బఠాణీ గింజంత ప్లాస్టిక్ గుళ్ళు కొట్టుకుంటాం. ఎర్ర పట్టీలు ఒక జట్టు, పసుపు పట్టీలు ఇంకో జట్టు. ఎదుటి జట్టు జెండా పీకినవాళ్ళు గెలిచినట్టు. గుండు మచ్చ పెట్టదు, రంగు పుయ్యదు. తగిలిందో లేదో తగిలినవాడికే తెలుసు. వాడే చెయ్యెత్తి "తగిలింది" అని అరిచి, తనంతట తాను బయటికి వచ్చెయ్యాలి. ఈ ఆట మొత్తం నిలబడి ఉన్నది ఆ ఒక్క నిజాయితీ మీద. ఒంటికి తగిలితే చురుక్కుమంటుంది, అంతే. కంటికి తగిలితే మాత్రం కన్ను ఉండదు. మా దగ్గర జూన్, జూలైల్లో వాన తెరిపివ్వదు. గాల్లో తడి, ఒంట్లో వేడి. అద్దాలకు మసక పట్టకుండా ఉండదు.

ఆమె వచ్చిన రెండో వేసవిలో ఒక కొత్త కుర్రాడు, ఏదో ఆఫీసు ఉద్యోగి, వెదుళ్ళ మధ్య అద్దాలు ఎత్తి తుడుచుకున్నాడు. ఎవరో కొట్టిన గుండు వచ్చి కంటికి అర అంగుళం కింద దిగబడింది. చెంప మీద రక్తం కారుతుంటే రుమాలు అడ్డుపెట్టుకుని, గేటు బయట ఆటగాళ్ళు కూర్చునే షెడ్డులో ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి వంగి వంగి క్షమాపణ చెప్పాడు, మీ ఆట ఆపినందుకు మన్నించండని. మేం పాతవాళ్ళం పెద్దమనుషుల్లా తలలూపాం. నియమాలన్నీ బోర్డు మీద రాసే ఉన్నాయి కదా అని కూడా అన్నాం.

వంటగది కిటికీలోంచి అదంతా చూసిన పెద్దమ్మ గరిటెతోనే బయటికొచ్చింది.

"నువ్వెందుకురా దణ్ణాలు పెడతావ్? నిలబడు నిటారుగా! ఏమయ్యా, మీలో ఒక్కడైనా ఈ పిల్లాడికి అద్దాలకి మసక పడుతుందని చెప్పాడా?"

"బోర్డు మీద ఉంది పెద్దమ్మా, ఏడో నంబరు" అన్నాడు ఇషిగె నసుగుతూ.

"బోర్డు చదివితే ఆకలి తీరుద్దా? నోరు లేదూ మీకు?"

మరుసటి ఆదివారం నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎవరూ ఆమెను అక్కడ పెట్టలేదు. లేవమనే ధైర్యం కూడా ఎవరూ చెయ్యలేదు. కూర గుండిగను కూడా గేటు పక్కకు మార్పించింది. తన పాత వంటకోట్లు చింపి పట్టీలు చేసి, కొత్తవాళ్ళందరి రెండు చేతులకూ కట్టడం మొదలుపెట్టింది. తెల్ల పట్టీ ఉన్నవాళ్ళకు మసక పడితే అక్కడికక్కడే కూర్చుని, చేతులు నెత్తిన పెట్టుకుని, మసక అని అరవాలి. అరిచినవాళ్ళకు దగ్గరలో ఎవరుంటే వాళ్ళు, సొంత జట్టయినా ఎదుటి జట్టయినా సరే, తుపాకి దించి వెళ్ళి మోచెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించుకు రావాలి. ఆ చుట్టుపక్కల ఎవరూ కాల్చకూడదు. నడిపించుకొచ్చినవాడు ఆ ఆటకు అవుట్. అది ఆమె పద్ధతి.

పాతవాళ్ళకు ఒళ్ళు మండిపోయింది. గంటసేపు బురదలో పాకి, జెండా అందుకోబోతుంటే, ఎవడో నిన్న పుట్టిన కూన మసక అన్నాడని ఆట వదులుకుని వాడి చెయ్యి పట్టుకుని రావాలా? అందరికంటే ఎక్కువ మండింది మా జట్టుకు. మేం పద్నాలుగు మందిమి, పేరు అడవిపందులు. పేరుకు తగ్గట్టే ఉండేవాళ్ళం. మా నాయకుడు ఒనోదెర, నిర్మాణ పనుల మేస్త్రీ. బాగా ఆడతాడు, ఇంకా బాగా ఎగతాళి చేస్తాడు. నెలలో ఒక ఆదివారం కొండ మొత్తం మా జట్టే అద్దెకు తీసుకునేది, అందుకని ఇషిగె మమ్మల్ని అల్లుళ్ళలా చూసుకునేవాడు.

"ఇది మైదానమా, అంగన్‌వాడీనా?" అనేవాడు ఒనోదెర గేటు దగ్గర అందరికీ వినబడేలా. "మా ముక్కులు కూడా తుడుస్తావా పెద్దమ్మా?"

"నీ ముక్కుకి హస్తం చాలదురా, పార కావాలి. గుళ్ళ మేగజైన్ తీశావు సరే, గొట్టంలో ఒకటి ఉండిపోయుంటుంది. ఆ పీపాలోకి కొట్టి చూపించు. ఆ, చూశావా? ఠక్కుమంది. పదిహేనేళ్ళ ఆటగాడివి!"

అందరూ నవ్వారు. ఒనోదెర కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. అది మర్చిపోయే మనిషి కాదు.

రెండేళ్ళు గడిచేసరికి ఆ పద్ధతి అలవాటైపోయింది. ఎవరూ ఒప్పుకోరు గానీ, కొందరికి అదొక ముచ్చటగా కూడా ఉండేది. ముక్కూ ముఖం తెలియనివాళ్ళను మోచెయ్యి పట్టుకుని "ఇక్కడ వేరుంది, కాలెత్తు" అంటూ తీసుకొచ్చినవాళ్ళు తర్వాత వాళ్ళ పక్కనే కూర్చుని కూర అన్నం తినేవాళ్ళు. వేరే మైదానాల్లో ఒకసారి వచ్చి భయపడి పోయే కొత్తవాళ్ళు మా కొండకు మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. ఆడపిల్లలు కూడా వచ్చేవాళ్ళు.

పోయిన జూలైలో, వాన అప్పుడే వెలిసిన ఒక ఆదివారం, మేం పసుపు జట్టు. ఎర్ర జట్టులో ఉసుయి అని ఒక పెద్దాయన ఉండేవాడు, టాక్సీ నడుపుతాడు. జెండా కాపలాలో ఆయన్ను మించినవాడు లేడు. పొద్దున్నుంచి రెండు ఆటల్లోనూ మా వాళ్ళందరినీ ఆయనొక్కడే, కూర్చున్న చోటునుంచే కొట్టి బయటికి పంపించేశాడు. మూడో ఆటకు ముందు ఒనోదెర జేబులోంచి రెండు తెల్ల పట్టీలు తీశాడు. ఎక్కడ దొరికాయో నేనడగలేదు.

"సుగాయా, నీకు ముఖం కప్పే ముసుగుందిగా. కోటు మార్చుకో. ఇవి కట్టుకుని ముసలాడి ముందుకెళ్ళి కూర్చో. మసక అను. వాడు జెండా వదిలేసి నీ దగ్గరికొస్తాడు. అంతే."

"బాగోదేమో అన్నా."

"యుద్ధంలో బాగుండడం ఏంట్రా? నవ్వుకోడానికేగా!"

ఆ పట్టీలు కట్టుకున్నది నేను. నన్నెవడూ బలవంతం చెయ్యలేదు. ఇలా చేస్తే జట్టంతా నవ్వుతారని, ఆ నవ్వులో నేను మధ్యన ఉంటానని, అంతే నా బుర్రలో ఉన్నది.

జెండాకు పాతిక అడుగుల దూరంలో కూర్చుని చేతులు నెత్తిన పెట్టుకుని అరిచాను. రెండోసారి అరవకముందే చెక్క గోడ వెనకనుంచి ఉసుయి లేచాడు. "ఉండు బాబూ, కదలకు, వస్తున్నా. అద్దాల మీద చెయ్యి వెయ్యకు" అంటూ తుపాకి వీపున వేసుకుని వచ్చాడు. వంగి నా మోచెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు నేను ఒళ్ళోంచి పిస్తోలు తీసి ఆయన పొట్టలో కొట్టాను.

ఆయన నా మోచెయ్యి వెంటనే వదల్లేదు. ముసుగులోకి ఒకసారి పరకాయించి చూశాడు. తర్వాత వదిలి, నిటారుగా నిలబడి, చెయ్యెత్తి "తగిలింది" అన్నాడు. అలాంటి దెబ్బకు కూడా నిజం చెప్పి, వెదుళ్ళ మధ్యనుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మా వాళ్ళు జెండా పీకేశారు. పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

ఉసుయి గేటు దగ్గర ఏమీ చెప్పలేదు. ఎర్ర జట్టులో మాత్రం ఆ మాట నిమిషంలో పాకిపోయింది. పసుపు జట్టులో తెల్ల పట్టీలను నమ్మొద్దట.

నాలుగో ఆట మొదలైంది. మా జట్టులో ఆ రోజే మొదటిసారి వచ్చిన పిల్ల ఒకతె ఉంది, చినామి, రొట్టెల దుకాణంలో పనిచేస్తుంది. అద్దెకు తీసుకున్న తుపాకి, అద్దెకు తీసుకున్న అద్దాలు. వాగు పక్కన, అటూ ఇటూ కాని చోట, ఆమెకు మసక పట్టింది. నేర్పినట్టే బురదలో కూర్చుంది. చేతులు నెత్తిన పెట్టుకుని అరిచింది.

ఎవరూ కదల్లేదు.

మళ్ళీ అరిచింది. ఆమెకు పదడుగుల్లో ఎర్ర జట్టువాడు ఒకడు పీపా వెనక ఉన్నాడు. వాడు కదల్లేదు. వాడికి అటు పక్క ఇంకొకడు ఉన్నాడు, వాడూ కదల్లేదు. మా పసుపువాళ్ళం దూరంగా పైన ఉన్నాం, మధ్యలో గుళ్ళు ఎగురుతున్నాయి. "మసక, మసక" అని ఆ పిల్ల గొంతు సన్నబడుతోంది. ఎవడో, నిజమో అబద్ధమో తేల్చుకుందామని, ఆమె మోకాళ్ళ ముందు బురదలోకి ఒక వరస గుళ్ళు కొట్టాడు. బురద ఎగిరి ముఖమ్మీద పడింది. ఆ పిల్ల చెయ్యి నెత్తి మీదనుంచి జారి అద్దాల వైపు రావడం నేను పైనుంచి చూశాను. అరవాలని నోరు తెరిచాను గానీ ఏం అరవాలో తెలియలేదు.

"చెయ్యి దించవే పిల్లా! నేనొస్తున్నా!"

గేటు తెరుచుకుని పెద్దమ్మ వస్తోంది. కళ్ళద్దాలు కిందికి దించుకుంది, ఈల ఊదుతోంది, తెల్ల వంటకోటు మోకాళ్ళకు కొట్టుకుంటోంది. ఈల విననివాళ్ళు ఇంకా కాలుస్తూనే ఉన్నారు. వీపు మీద, భుజం మీద, పిక్కల మీద టపటపమని గుళ్ళు తగలడం నాకు వినబడింది. ఆమె పరుగెత్తలేదు, వంగలేదు. నడిచి వెళ్ళి ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని లేపింది. అప్పటికి తుపాకులన్నీ దిగిపోయాయి. ఇద్దరూ గేటు దాకా నడిచి వెళ్ళారు.

షెడ్డులో అందరం పోగయ్యాక ఆమె ఒక్కటే అడిగింది. "పీపా వెనక నువ్వున్నావ్. నీకు వినబడింది. ఎందుకెళ్ళలేదు?"

వాడు ఉసుయి వైపు చూశాడు. అప్పుడు ఉసుయి జరిగింది చెప్పాడు, కోపం లేకుండా, టాక్సీ ఎటు తిరిగిందో చెప్పినట్టు. పెద్దమ్మ మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"కట్టుకున్నదెవడు?"

నేను లేచాను. ఇంకా పట్టీలు చేతులకే ఉన్నాయి. ఆమె నన్ను కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. ఆ పట్టీలు రెండూ విప్పి తన జేబులో పెట్టుకుంది.

"అడవిపందులు ఇవాళ్టి నుంచి ఈ గేటు దాటరు" అంది.

"ఓహో" అన్నాడు ఒనోదెర కాళ్ళు చాపుకుని కూర్చునే. "ఏ నియమం ప్రకారమో? మైదానం బోర్డు మీద తెల్ల పట్టీ గురించి ఒక్క అక్షరం లేదు. అది నీ సొంత కవిత్వం పెద్దమ్మా. మేం బోర్డు ప్రకారం ఆడాం, గెలిచాం."

"అవునురా, నా సొంతమే. నా కోటు చింపి కట్టాను. దాని మీద అక్షరాలుండవు, అది చూసి ఎదుటోడు తుపాకి దించుతాడు, అంతే. నువ్వు దాన్ని ఎరగా పెట్టావ్. ఇప్పుడు ఆ పిల్ల అరిస్తే ఒక్కడు రాలేదు. చూశావా?"

"ఏమైందిప్పుడు? కన్నేమన్నా పోయిందా?"

"పోలేదు. పోయేదాకా ఆగుతాననుకున్నావా?"

ఇషిగె చెమటలు తుడుచుకుంటూ మధ్యలోకి వచ్చాడు. "పెద్దమ్మా, ఒనోదెరగారు తప్పయిందంటారు, మీరు కూడా ఒక మెట్టు దిగండి. వీళ్ళు పోతే నేనీ వెదుళ్ళు కొట్టేయించి సోలార్ పలకలు పెట్టుకోవాల్సిందే. మీకు తెలీదా?"

"పెట్టుకో. సోలార్ పలకలకి కళ్ళుండవు, నీకూ బెంగుండదు." తర్వాత కాస్త మెత్తబడింది, గొంతు మాత్రం తగ్గలేదు. "ఇషిగె, నీకు ఏడేళ్ళప్పుడు నీ పులుసు పారబోశాను. నన్ను తిట్టుకుంటూ రొట్టె తిన్నావ్. ఇప్పుడూ తిట్టుకో. ఈ గేటు దగ్గర నేనున్నంతసేపూ వీళ్ళు రారు. వీళ్ళు రావాలంటే ఒక్కటే దారి. కొత్తవాళ్ళలా రావాలి. చేతులకి తెల్ల పట్టీ, గుండిగ మీద ముఖం, అందరితో పాటు నా వాగుడు వినాలి."

ఒనోదెర లేచాడు. "పదండ్రా. ముసలిదాని గుండిగలో ముఖం పెట్టే ఖర్మ నాకు పట్టలేదు." సంచి భుజాన వేసుకుని ఇషిగె వైపు తిరిగాడు. "ఆమె కావాలో మేం కావాలో సాయంత్రంలోగా ఫోన్ చెయ్యి."

పన్నెండు మంది ఆయన వెనక వెళ్ళారు. నేను ఆయన కారులోనే వచ్చాను. నా సంచి కూడా ఆ కారులోనే ఉంది. "రావట్రా?" అని అరిచాడు. నేను కదల్లేదు. దాన్ని ధైర్యం అనుకోకండి. పైనుంచి చూసిన ఆ పిల్ల చెయ్యి నా కళ్ళముందు ఇంకా జారుతూనే ఉంది, ఆ కారులో కూర్చుంటే మా వాళ్ళు మళ్ళీ నవ్వుతారని తెలుసు. ఆ నవ్వు నేనింక వినలేను. ఒనోదెర నా సంచిని కంకర మీదికి విసిరేసి వెళ్ళిపోయాడు.

షెడ్డులో మిగిలినవాళ్ళు పెద్దమ్మ ముఖం చూస్తున్నారు. ఎర్ర జట్టు కుర్రాడొకడు చెయ్యెత్తి అడిగాడు, బళ్ళో అడిగినట్టు. "పెద్దమ్మా, మరి ఇకమీదట ఎవరైనా మసక అంటే... అది నిజమో కాదో మాకెలా తెలుస్తుంది?"

"తెలీదు."

"తెలీకుండా ఎలా వెళ్ళమంటారు?"

"తెలీకుండానే వెళ్ళాలి. అబద్ధమైతే నీ ఆట పోతుంది. నిజమైతే, నువ్వెళ్ళకపోతే, వాళ్ళ కన్ను పోతుంది. ఏది చవకో చూసుకో. వందసార్లు మోసం చేసినా నూట ఒకటోసారి వెళ్ళాలి. అంత చేతకానివాళ్ళు ఇంట్లో కూర్చుని టీవీ చూడండి, నా కూర మిగులుతుంది."

అందరూ లేచి మళ్ళీ తుపాకులు అందుకున్నారు. ఒప్పుకున్నారో లేదో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. చినామి మాత్రం తన అద్దాలు తుడుచుకుని, గట్టిగా బిగించుకుని, గేటు దగ్గర వరసలో నిలబడింది. ముఖమ్మీద బురద అలాగే ఉంది.

నేను ఆ పిల్ల వెనక నిలబడ్డాను. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"నీకేం కావాలి?"

"కొత్తవాడిలా వచ్చాను పెద్దమ్మా."

ఆమె గుండిగ మూత తీసింది. ముఖం వంచాను. అద్దాలు తెల్లబడ్డాయి. పదకొండేళ్ళ ఆటగాణ్ణి, నా చెయ్యి కూడా లేచింది. హస్తం దెబ్బ అందరికంటే నాకే గట్టిగా పడిందని నా నమ్మకం. తర్వాత ఆమె జేబులోంచి ఆ రెండు పట్టీలే తీసి కట్టింది. "ముసుగు తియ్యి. నువ్వెవరో అందరికీ కనబడాలి" అంది.

ఆఖరి ఆట. వాన మళ్ళీ సన్నగా మొదలైంది. నన్ను పసుపు జట్టులోనే వేశారు. వాగు దాటి వెదుళ్ళలోకి వెళ్ళానో లేదో, అద్దాలు నిజంగానే మసకబారాయి. ముందు అంచులు, తర్వాత మధ్య, తర్వాత అంతా పాలు పోసినట్టు. కూర్చున్నాను. చేతులు నెత్తిన పెట్టుకున్నాను. అరవడానికి సిగ్గేసింది. అయినా అరిచాను.

"మసక!"

చుట్టూ ఎవరో ఉన్నారు. ఆకుల మీద అడుగులు వినబడుతున్నాయి. ఆగిపోయాయి. ఎవరో గొణిగారు, "వాడేరా, ఆ పందే." ఇంకెవరో పళ్ళ సందున నవ్వారు. నేను మళ్ళీ అరిచాను. ఒక గుండు వచ్చి భుజానికి తగిలింది. చెయ్యి నెత్తి మీద నిలవడం లేదు. ఒక్కసారి ఎత్తి తుడుచుకుంటే సరిపోతుంది, ఒక్క క్షణమే కదా అని అది నన్ను బతిమాలుతోంది. ఆ పిల్ల అక్కడ బురదలో ఎంతసేపు కూర్చుందో అప్పుడు నాకు తెలిసొచ్చింది. భయమేసింది. అబద్ధం ఎందుకు, ఏడుపొచ్చింది. మూడోసారి అరిచినప్పుడు నా గొంతు నేనే గుర్తుపట్టేలా లేదు.

బూట్ల చప్పుడు దగ్గరికి వచ్చింది. ఎవరిదో చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది.

"లే" అంది ఉసుయి గొంతు. "పిస్తోలుందా ఒళ్ళో?"

"లేదు."

"ఉన్నా చేసేదేం లేదులే. ఇక్కడ వేరుంది, కాలెత్తు. ఇటు. రాయి. జారుతుంది, చూసుకో. చూసుకో అంటే ఎలా చూసుకుంటావులే, నన్ను పట్టుకో."

దారి పొడుగునా మన్నించానని మాత్రం అనలేదు. ఇప్పటికీ నాతో ముక్తసరిగానే ఉంటాడు. మా చుట్టూ తుపాకులు ఒక్కొక్కటే ఆగిపోవడం వినబడింది. గేటు కీచుమంది. కింద కంకర తగిలింది. ఉసుయి నా మోచెయ్యి వదిలేశాడు.

"ఉసుయిగారూ, మీరు అవుట్" అంది పెద్దమ్మ.

"తెలుసులెండి" అన్నాడాయన, టీ పాత్ర వైపు వెళ్ళిపోతూ.

నేను అలాగే నిలబడి ఉన్నాను, చేతులు నెత్తి మీదే పెట్టుకుని. పెద్దమ్మ నా ముందుకు వచ్చినట్టు తెలిసింది, ఆమె కోటుకు కూర వాసన.

"గేటు దాటావు. ఇంక అద్దాలు తీసెయ్యొచ్చు" అంది.

"ఇప్పుడే వద్దు పెద్దమ్మా. కాసేపు ఉంచుకుంటాను."

ఆమె షెడ్డు వైపు తిరిగి, అక్కడ కూర్చున్నవాళ్ళందరికీ వినబడేలా కేకేసింది. "ఇటు చూడకండి ఎవరూ! ఎవడి ప్లేటు వాడు చూసుకోండి!"